మా వాకిలి శ్రీపాల్ ఫోన్ల కనవడ్డ రోజు

మా ఉజ్వల పని మీద ఏ ఇంటికి పోయినా నాకు రెండు మిస్డ్ కాల్స్ ఇయ్యాలె. ఇంట్లకు పోయేటప్పుడు ఒకటి, బయటకు వచ్చేటప్పుడు ఒకటి. అది ఉద్యోగంల చేరిన దినమే మేమిద్దరం చేసుకున్న ఒప్పందం.

ఇబ్రహీంపట్నంల శ్రీపాల్ అని ఒకాయన ఇంటర్నెట్ ఆఫీసు నడిపిస్తడు. మా పిల్ల పాలిటెక్నిక్ అయినంక అండ్లనే చేరింది. స్కూటీ మీద నిచ్చెన కట్టుకొని తిరుగుతది. పోలు మీదికెల్లి తీగ గుంజుతది, గోడకు రూటర్ డబ్బ కొడతది, నెట్ నడిపిచ్చి వస్తది. ఆ ఆఫీసుల ఈ పనికి ఆడపిల్ల అదొక్కతే. మొదటి మిస్డ్ కాల్ వచ్చిన కాడికెల్లి రెండోది వచ్చేదాంక నేను బియ్యం కడిగితే నీళ్ళు ఎన్నిసార్లు పోసిన్నో నాకే యాదికుండదు. నిచ్చెన జారిందా? కుక్క కరిచిందా? ఇంట్ల ఎవలున్నరో, ఎసొంటోళ్ళో?

ఆ బుధవారం పదకొండు గంటలకు మిస్డ్ కాల్ రాలె. ఫోనే వచ్చింది.

"అమ్మా, నేను మంచిగనే ఉన్న. నువ్వు ముందుగాల కూసో" అన్నది.

"కూసున్న. ఏ చెయ్యి ఇరిగింది?"

"ఏ చెయ్యి ఇరగలె. రాజశేఖర్ సార్ ఆఫీసుకొచ్చి లొల్లి వెట్టిండు. వాళ్ళింటి పాస్‌వర్డ్ నేను ఎవలకో చెప్పిన్నంటుండు."

రాజశేఖర్ ప్లాట్ల యాపారం చేస్తడు, మహేశ్వరం దిక్కు వెంచర్లు ఉన్నయ్. బస్ డిపో ఎనక కొత్తిల్లు కట్టిండు. గృహప్రవేశం అయి ఇంక ఇరవై రోజులే. ఆ ఇంటికి నెట్ పెట్టింది మా పిల్లనే. ముందు దినం పొద్దున వాళ్ళమ్మ మాణిక్యమ్మ హాల్ల కూసొని బియ్యంల రాళ్ళు ఏరుతుందట. గోడ మీది కెమెరా మాట్లాడిందట! ఎవడో మొగోని గొంతు. "నమస్తే దాదీ" అన్నడట, నవ్విండట, "పచ్చ చీర మంచిగుంది" అని హిందీల అన్నడట. ఇంట్ల ఎవలు లేరు. ఆమె కట్టుకున్నది నిజంగనే పచ్చ చీర. చాట కింద వడేసి బయటకు ఉరికింది, బీపీ పెరిగి దవాఖానల సెలైన్ ఎక్కిచ్చిన్రు.

"డబ్బ పెట్టింది ఈ పిల్ల. పాస్‌వర్డ్ రాసిచ్చింది ఈ పిల్ల. ఇంకెవలికి తెలుస్తది?" అని రాజశేఖర్ ఆఫీసుల అందరి ముంగట అరిచిండట. బిల్లు కట్టనీకి వచ్చినోళ్ళు గూడ ఇన్నరట. సాయంత్రం పోలీస్ స్టేషన్‌కు పోత అన్నడట. శ్రీపాల్ మా పిల్లను పక్కకు పిలిచి, "సాయంత్రం లోపల సంగతి తేల్చు. తేలకపోతే నీ బ్యాగు ఈడ వెట్టి పో" అన్నడట.

నేను ఎట్ల ఆటో ఎక్కిన్నో నాకు తెల్వదు. తొవ్వంత ఒకటే ఫికర్. ఉద్యోగం పోతే పోయె. గాని ఇంట్లకు పోయి గుట్టు బయట పెట్టిందన్న మాట ఒక్కసారి పడితే, ఇబ్రహీంపట్నంల ఏ తల్లి దాన్ని గడప దాటి రానిస్తది? యాచారంల రానిస్తరా? రెండేండ్లు ఎండల తిరిగి నేర్చుకున్న పని ఒక్క పూటల మట్టిల కలిసిపోతది.

ఆఫీసుల అది కంప్యూటర్ ముందల కూసోనుంది. ఏడుస్తలేదు. నాకు అదే ఎక్కువ భయమైంది.

"ఏం తిన్నవ్?"

"అమ్మా, ఇటు జూడు" అని తెర మీద వేలు పెట్టింది. "ఇది వాళ్ళ రూటర్ లోపలి ముచ్చట. ఈడ రెండు పోర్టులు తెరిచి ఉన్నయ్. అంటే రెండు తలుపులనుకో. నేను తెరవలె. ఎవలు తెరిచిన్రో పక్కకే రాసుంది."

ఏదో ఇంగ్లీషు పేరుంది. "ఇది ఎవలు బిడ్డా? దొంగనా?"

"దొంగ కాదు. వాళ్ళ కెమెరా బొమ్మలు పట్టి దాచే డబ్బ."

నాకు అర్థం కాలె. అది ఓపికగ చెప్పింది. నేను చదివింది ఏడో తరగతి వరకే అయినా నాకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే అదే చెప్పాలె.

"రూటర్ అంటే ఇంటి ముందల కాపలా మనిషి లెక్క. బయటోళ్ళను ఊకెనే లోపలికి రానియ్యడు. గాని కంపెనీ అండ్ల ఒక సౌలత్ పెట్టింది. లోపల ఉన్న ఏ వస్తువైనా, టీవీ గానీ, కెమెరా గానీ, 'నాకో తలుపు తెరువు' అని అడిగితే చాలు, తెరుస్తడు. ఇంటోళ్ళను అడగడు. అడిగింది ఎవలు, ఎందుకు, ఏం చూడడు. యజమాని ఫోన్ల ఇల్లు కనవడాలె కదా, అందుకే కెమెరా డబ్బ అడిగింది. తెరిచిండు."

"మరి మూసుడు?"

"తెల్లారి వానికి అది యాదికే ఉండదు."

"అసొంటి కాపలా మనిషిని ఎవలన్న పెట్టుకుంటరా?"

"అందరిండ్లల్ల వాడే ఉన్నడు అమ్మా."

అప్పుడే శ్రీపాల్ వచ్చిండు. మా పిల్ల చెప్పింది ఇన్నడు. మంచోడే గాని యాపారం మనిషి.

"తెర మీద పేరుంటే సరిపోదు ఉజ్వలా. 'ఆ పేరు మీరే రాసుకున్నరు' అంటడు రాజశేఖర్. ఈ సెట్టింగ్ అన్ని ఇండ్లల్ల ఉన్నదే. ఇన్నేండ్ల సంది ఎవలకు ఏం కాలె."

"తలుపు తెరిచున్నా తాళం మంచిగుంటే కాదు సార్. వాళ్ళింట్ల తాళం, అంటే కెమెరా పాస్‌వర్డ్ గూడ, కొత్త డబ్బతోని వచ్చిందే ఉన్నట్టుంది. పోయి చూద్దాం."

"అడగకుంట ఇంట్లకు రానిస్తడా?"

"మీరు అడుగున్రి సార్. నన్ను పంపితే రానియ్యడు."

శ్రీపాల్ ఫోన్ చేసి బతిలాడిండు. "నేనూ వస్త" అన్న. మా పిల్ల వద్దనలె. గది సాలు, అది ఎంత భయపడ్డదో నాకు తెల్వనీకి.

ఆ ఇల్లు పెద్దది. గుమ్మానికి కట్టిన పూల దండలు ఎండిపోయి ఇంకా ఏలాడుతున్నయ్. హాల్ల మాణిక్యమ్మ దివాను మీద పండుకోనుంది. గోడ మీది కెమెరాకు తువాల కప్పిన్రు, మనిషి మొకానికి కప్పినట్టే. దాని కింద టేబుల్ మీద కెమెరా డబ్బ, దానికి పసుపు, కుంకుమ బొట్లు, ఒక మామిడాకు.

రాజశేఖర్ మా పిల్లను చూసి మూతి తిప్పుకున్నడు. "తల్లిని గూడ తోల్కచ్చిందా? బిడ్డ ఏడిస్తే ఓదార్చి తీసుకపోదామని వచ్చినవా?" అన్నడు నన్ను జూసి.

"నా బిడ్డ ఏడిస్తే ఏడుస్తది, ఏడవకుంటె లేదు. నువ్వు ముందుగాల అది చెప్పేది ఇను తమ్మీ" అన్న. నాకే ఆశ్చర్యమైంది. ఆ మాట నా నోట్లకెల్లే వచ్చింది.

మా ఉజ్వల ఆయన దిక్కు చూడలె. దివాను కాడికి పోయి కింద కూసుంది.

"ఒంట్ల ఎట్లున్నది అమ్మమ్మా?"

"ఎట్లుంటది బిడ్డా. ఫ్యాను తిరిగినా ఎవడో మాట్లాడినట్టే కొడుతుంది."

"కెమెరాలు పెట్టిన మనిషి డబ్బ పాస్‌వర్డ్ మార్చిండా?"

ఆమె కొడుకు దిక్కు చూసింది, మల్ల పైకప్పు దిక్కు చూసింది.

"మారుస్తనే అన్నడు పాపం" అన్నది మెల్లగ. "ఒకసారి బంద్ చేసి మల్ల చాలు చెయ్యాలె అవ్వా అన్నడు. నేనే వద్దన్న."

"నువ్వెందుకు వద్దన్నవే అమ్మా?" అన్నడు రాజశేఖర్.

"ముహూర్తంల చాలు జేసింది. టీవీ, ఫ్రిజ్జు, గీ డబ్బ, అన్ని అయ్యగారు బొట్లు పెట్టి ఒక్క గడియల చాలు జేసిండు. అట్ల చాలు జేసింది మండలం దినాలు బంద్ చెయ్యొద్దు. మీ నాయన ఉన్నప్పుడు ట్రాక్టరు గూడ అట్లనే జూసినం. నలభై ఒక్కటి కాంగనే రా బిడ్డా అని అన్నం పెట్టి తోలిన."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు బంద్ చేస్తవ్ కదరా."

శ్రీపాల్ గొంతు సవరించుకున్నడు. రాజశేఖర్‌కు కోపం ఎవలి మీద తియ్యాల్నో తెల్వలె. మల్ల మా పిల్ల మీదికే వచ్చింది.

"సరే, పాస్‌వర్డ్ మార్చలె. అయితే? డబ్బ నా ఇంట్లుంది. పాస్‌వర్డ్ కాయిదం నా బీరువాల ఉంది. బయటోడు ఎట్లొస్తడు? తలుపు దానంతట అదే తెరుచుకున్నదంట! కథలు చెప్తే ఇంటమా? నాకు చూపెట్టు. చూపెడితే ఒప్పుకుంట."

"మీ ఇంట్లనే చూపెడితే, 'నీకు ముందే తెలుసు' అంటరు సార్" అన్నది ఉజ్వల.

"అవ్, అంట."

మా పిల్ల మొదటిసారి తల దించుకుంది. దానికి తొవ్వ దొరుకుతలేదు. ఆ తొవ్వ నా కాడ ఉన్నదని నాకు తెలుసు. చెప్పనీకే నోరు వస్తలేదు.

ఏందంటే, మా ఇంట్ల గూడ అదే డబ్బ ఉంది. మా గల్లీల ఒకామె గొలుసు గుంజుకపోయినప్పటి సంది నేను పాణం తిని, అదే దుకాణంల, అదే కంపెనీది కొనిపిచ్చిన. వాకిట్ల కెమెరా. శుక్రవారం పూట బొట్టు పెట్టి చాలు జేసిన. "అమ్మా, పాస్‌వర్డ్ మారుస్త" అని ఉజ్వల రెండుసార్లు అడిగింది. నేనే కసిరిన. అది ఏది ముట్టినా స్క్రూలు ఊడదీసి నాలుగు ముక్కలు జేసి పరుస్తది. దొంగోడు వచ్చిన దినమే డబ్బ బంద్ అయితే? "దాని జోలికొస్తే కాళ్ళు ఇరగ్గొడుత" అన్న. దొంగోడు రావద్దనే భయపడి, నేనే నాలుగు నెలల సంది ఇంటి తలుపు బార్ల తెరిచి పెట్టిన్నట్టు.

మా వాకిలి. నేను జాకెటు చేతులు మడిచి అంట్లు తోమే జాగ. ఇంతమంది ముందల.

"మా ఇల్లు చూపెట్టు" అన్న.

"అమ్మా!"

"మాది గూడ గదే డబ్బ, కంపెనీ అన్నిటికి ఇచ్చే పాస్‌వర్డ్ గూడ గదే. మాది గూడ మార్చలె. నేను మార్చనియ్యలె. ఈ తమ్మి ఆయన కాయిదంతోని మా ఇల్లు తెరువనీ."

ఉజ్వల నా మొకం దిక్కు చూసింది. సరే అన్నట్టు తల ఊపిన. చేతులు మాత్రం కొంగుల దాచుకున్న.

"శ్రీపాల్ సార్, ఫోన్ మీరే పట్టుకోన్రి. నేను ముట్ట. ఈ ఇంటి వైఫై తీసెయ్యున్రి, మీ సిమ్ముల నెట్ పెట్టున్రి. మా ఇంటి నెట్ నంబరు మీ లిస్టుల ఉంటది, మీరే చూడున్రి. రాజశేఖర్ సార్, మీ కెమెరా డబ్బతోని వచ్చిన కాయిదం తెచ్చి, అండ్ల రాసింది మీరే చదువున్రి."

రాజశేఖర్ బీరువాలకెల్లి కాయిదం తెచ్చిండు. మడత గూడ ఇప్పలె ఇంకా. ఆయన ఒక్కొక్క అచ్చరం చదివిండు, శ్రీపాల్ కొట్టిండు. మా పిల్ల రెండు చేతులు ఎనక్కి కట్టుకొని నిలవడ్డది, పరీక్ష హాల్ల లెక్క.

ఫోన్ల ఏదో గుండ్రంగ తిరిగింది. తిరుగుతనే ఉంది. నేను మనసుల దేవుళ్ళందరిని పిలిచిన. తెరుచుకోవాలన్నా, తెరుచుకోవద్దన్నా? నాకే సమజ్ కాలె.

మా వాకిలి కనవడ్డది.

మా తులసి కుండ. తీగ మీద నా లంగాలు. అరుగు మీద మా ఆయన కొండల్. కొంగరకలాన్ కంపెనీ కూలోళ్ళ బస్సు తోల్తడు, పొద్దటి షిఫ్టు అయినంక పన్నెండింటికి ఇంటికొస్తడు. షుగర్ మూడు వందలుంది మనిషికి. ఒళ్ళె పల్లీల గిన్నె వెట్టుకొని, ఇంత పెద్ద బెల్లం గడ్డ కొరుక్క తింటున్నడు. ఎనుకకు చూస్తడు, కొరుకుతడు. ఎనుకకు చూస్తడు, కొరుకుతడు.

"గా గడ్డ నేను పప్పుల డబ్బ కింద దాచిన!" అన్న.

"మాట్లాడొచ్చు అమ్మా. మైకు బొమ్మ ఉంది, సార్ ఒత్తుతడు" అన్నది ఉజ్వల.

శ్రీపాల్ ఒత్తి ఫోన్ నా నోటి కాడ పెట్టిండు. నాకు ఇంకేం యాదికి రాలె.

"ఓ కొండల్! గా బెల్లం కింద వెట్టు! పాణం మీద ఆశ లేదా నీకు?"

ఫోన్ల మనిషి ఎగిరి పడ్డడు. పల్లీలు వాకిలంత చెల్లాచెదరు. బెల్లం గడ్డ అంగి జేబుల దాస్కున్నడు. ఆకాశం దిక్కు చూస్తుండు, దర్వాజ దిక్కు చూస్తుండు, ఆఖరికి నులక మంచం కింద వంగి చూసిండు.

"రేణుకా? యాడున్నవే?"

శ్రీపాల్ పడి పడి నవ్విండు. మాణిక్యమ్మ దివాను మీద లేచి కూసొని, "జేబుల పెట్టిండు, జేబుల పెట్టిండు" అని చప్పట్లు కొట్టింది. రాజశేఖర్ గూడ నవ్విండు. ఉజ్వల ఒక్కతే నవ్వలె. తర్వాత మాణిక్యమ్మ చేతులు ఆగినయ్.

"అరేయ్" అన్నది కొడుకుతోని. "మన బీరువాల కాయిదం గది. దానితోని ఈమె మొగునితోని మాట్లాడినం. ఆమె ఇంటి గడప గూడ మనం చూడలె."

ఫోన్ల మా ఆయన ఒక్కొక్క పల్లీ ఏరుకుంటున్నడు.

"ఎవడో కూసొని నెట్ నంబర్లు వరసగ కొట్టుకుంట పోతడు సార్" అన్నది ఉజ్వల. "తెరిచున్న తలుపు తగిలితే, కొత్త డబ్బ పాస్‌వర్డ్ కొట్టి చూస్తడు. మిమ్మల్ని ఎరుక వట్టి కాదు. ఏ ఇల్లయినా వానికి ఒకటే."

రాజశేఖర్ కాయిదం మడత పెట్టిండు, ఇప్పిండు, మల్ల మడత పెట్టిండు. "ఇప్పుడు ఏం చెయ్యాలె?" అని అడిగిండు. గొంతు మారింది.

"రూటర్ల ఆ సౌలత్ బంద్ చేస్త. పాస్‌వర్డ్ మీరే కొత్తది పెట్టుకోన్రి, నాకు చెప్పకున్రి. కెమెరా డబ్బ ఒకసారి బంద్ చేసి చాలు చెయ్యాలె." అని మాణిక్యమ్మ దిక్కు తిరిగింది. "ఇంక ఇరవై దినాలున్నయ్ అమ్మమ్మా. నువ్వు వద్దంటె తీగ తీసి పెడత. డబ్బ అట్లనే ఎలుగుతది, బయటి సంబంధం మాత్రం ఉండది."

ఆ మాటకు నా గుండె నిండింది. పొద్దటి సంది దాని మీద నింద ఏసిన ఇల్లు అది. ఆ ఇంటి ముసలామె నమ్మకాన్ని అది కాలితోని పక్కకు నూకలె.

మాణిక్యమ్మ దివాను దిగింది. డబ్బ ముందల ఒక అగరుబత్తి ముట్టిచ్చింది. దండం పెట్టుకుంది. "నేనే బంద్ చేస్త. బొత్తాం ఏది బిడ్డా?" అన్నది.

పావుగంట పట్టింది అంత. శ్రీపాల్ తన ఫోన్ల ఆ ఇంటి నంబరు కొట్టిండు, పాత పాస్‌వర్డ్ కొట్టిండు. గుండ్రంగ తిరిగి తిరిగి ఏం రాలె. మూడుసార్లు కొట్టిండు, రాలె.

"మరి నేను వెంచర్ కాడికెల్లి ఇల్లు చూసుకునుడు ఎట్ల?" అన్నడు రాజశేఖర్.

"కంపెనీ యాప్‌ల మీ సొంత పాస్‌వర్డ్‌తోని చూసుకోవచ్చు సార్. డబ్బనే బయటికి పోయి మాట్లాడుకుంటది. తలుపు బార్ల తెరవాల్సిన పని లేదు."

ఆయన కెమెరాకు కప్పిన తువాల తీసి భుజం మీద ఏసుకున్నడు. "సరే తీ. అయిపోయింది. స్టేషన్‌కేం పోను" అన్నడు.

శ్రీపాల్ లేచిండు. ఉజ్వల బ్యాగు సర్దింది. నేను లేవలె.

"ఏందక్కా?" అన్నడు రాజశేఖర్.

"నువ్వు నా బిడ్డను ఈడ అనలె తమ్మీ. ఆఫీసుల పదిమంది ముందల అన్నవ్. ఈడ అయిపోతే ఎట్ల అయిపోతది?"

"అమ్మా, పోదాం పా" అని ఉజ్వల నా చెయ్యి గుంజింది. చెయ్యి ఇడిపిచ్చుకున్న. "నువ్వు గక్కడికొచ్చి చెప్పాలె. ఊరంత తిరిగి ఇండ్లల్లకు పోయి పని చేస్కునే పిల్ల."

ఆయన నసిగిండు. మహేశ్వరంల పని ఉందన్నడు. మాణిక్యమ్మ డబ్బ కాడికెల్లే, "పోరా. పొద్దుగాల్నే ఆ పిల్లను అననీకి ఆఫీసుకు ఉరికినవ్ కదా, ఇప్పుడు గూడ ఉరుకు" అన్నది.

వచ్చిండు. తన కార్లనే మమ్మల్ని ఎక్కిచ్చుకొని వచ్చిండు. ఆఫీసుల మూడు గంటలకు మంది బాగనే ఉన్నరు. పొద్దున కౌంటర్ల ఉన్న స్టెల్లా ఉంది, బిల్లు కట్టేటోళ్ళు ఉన్నరు. రాజశేఖర్ చెప్పులు గూడ ఇడవకుంట గడప మీదనే నిలవడి, "పొద్దున నేను ఈ పిల్లను అన్నది తప్పు. తప్పు ఆమెది కాదు. మా ఇంట్ల తలుపు ఎవలు తెరిచిన్రో ఆమెనే కనిపెట్టింది" అన్నడు. అరిచినంత గట్టిగ చెప్పలె. గాని చెప్పిండు.

గంతల ఉజ్వల ముందుకొచ్చింది.

"నా తప్పు గూడ ఉంది సార్" అన్నది. "ఆ సెట్టింగ్ కంపెనీ నుంచే తెరిచి వస్తది. నేను చూడకుంట అట్లనే పెట్టి వచ్చిన. నేను పెట్టిన ఇండ్లు రెండు వందలకు మీదనే. అన్నిట్ల అట్లనే ఉంటది."

నేను దాని మోచెయ్యి గిచ్చిన. అందరు మంచిగ అనుకుంటున్నప్పుడు ఇప్పుడెందుకు నోరు తెరిచినవ్ అని. శ్రీపాల్ దాన్నే చూస్తున్నడు. ఇగ పాయె అనుకున్న, బ్యాగు తీసుకుంటడు అనుకున్న.

"నీకు నేను నేర్పింది గదే కదా" అన్నడు శ్రీపాల్. "రేపటి కాడికెల్లి కొత్త కనెక్షన్లు మన ఇంకో పిలగాడు ఎంకటేశుకు ఇస్త. నువ్వు పాత ఇండ్లన్ని తిరిగి చూసి రా. ఎట్ల చూడాల్నో తతిమ్మోళ్ళకు గూడ నువ్వే చెప్పాలె."

బిల్లు కట్టనీకి వచ్చిన ఒక ముసలామె చేతుల చిట్టీ పట్టుకొని ఉంది. పొద్దున లొల్లప్పుడు గూడ ఆమె ఉన్నదంట. రాజశేఖర్ ఇంకా గడప మీదనే అడ్డం నిలవడ్డడు. "జర జరుగు బాబూ" అని ఆయనను పక్కకు జరిపింది. "బిడ్డా, మాది యాచారం రోడ్డు మీద. మా కోడలు ఒక్కతే ఉంటది ఇంట్ల. కెమెరా ఉంది. ముందుగాల మా ఇంటికి రా."

ఆమె ఎనక ఇంకో ఇద్దరు నిలవడ్డరు. మా ఉజ్వల పెన్ను అడిగి తీసుకుంది, ఒక్కొక్కరి ఇల్లు యాడనో అడిగి రాసుకుంటుంది. పొద్దటి సంది దాని కడుపుల ఛాయ్ చుక్క లేదు. రేపు మల్ల నిచ్చెన ఎక్కుతది, రెండు వందల గడపలు తొక్కుతది, అండ్ల ఎన్ని కుక్కలున్నయో.

స్టెల్లా నాకు కుర్చీ జరిపింది. అయినా నేను కూసోలె. కూసుంటె ఆ మందిల నా బిడ్డ కనవడది.